చేత్తో చేసిన సర్ఫ్‌బోర్డుకి లీష్ ఎలా బిగించాలి?

బోర్డు తయారీ మీద ఎపిసోడ్లు చేసినప్పటి నుంచీ ఒకటే ప్రశ్న ఎక్కువగా వస్తోంది. "అన్నా, బోర్డు అయిపోయింది, లీష్ ఎక్కడ కట్టాలి?" అని. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

లీష్ అంటే తెలుసు కదా, మన చీలమండకీ బోర్డుకీ మధ్య ఉండే తాడు. కొన్న బోర్డు అయితే దాన్ని కట్టే చోటు ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తారు. మనం చేసుకున్న బోర్డుకి ఆ నిర్ణయం మనదే. చాలామంది ఖరీదైన లీష్ కొంటారు, బోర్డు వైపు ఏం పట్టుకుని ఉందో చూడరు. పలుపుతాడు ఎంత గట్టిదైనా గుంజ ఊడితే గేదె పోయినట్టే కదా! ఇదీ అంతే. ఇక్కడ అసలు విషయం తాడు కాదు, గుంజ.

ఇది ఎందుకంత ముఖ్యం అంటే, ఊడిపోయిన బోర్డు ఊరికే ఉండదు. అలతో పాటు ఒడ్డుకి దూసుకొస్తుంది. ఆదివారం రుషికొండ బీచ్‌లో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, ఒక్కసారి ఊహించుకోండి. ఇటు మీరేమో పట్టుకోవడానికి ఏమీ లేకుండా లోతులో ఉంటారు. విశాఖ తీరంలో సముద్రంలోకి లాగేసే ప్రవాహాలు ఉన్నాయని మీకు తెలిసిందే.

చిన్న చరిత్ర చెప్తాను, పనికొస్తుంది. లీష్ 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ వైపు వాడుకలోకి వచ్చింది. వెట్‌సూట్లకి పేరుపడ్డ జాక్ ఓనీల్, ఆయన కొడుకు పాట్ ఓనీల్ పేర్లు ఇక్కడ వినిపిస్తాయి. అప్పట్లో ఆసుపత్రుల్లో వాడే రబ్బరు గొట్టాన్నే తాడుగా వాడేవాళ్ళు. అది బాగా సాగి, ఉండేలు వదిలినట్టు బోర్డుని వెనక్కి విసిరేది. అలాంటి ప్రమాదంలోనే జాక్ ఓనీల్ ఎడమ కన్ను పోయింది. తర్వాత తక్కువ సాగే యూరెథేన్ తాళ్ళు వచ్చాయి. దీన్నిబట్టి మనకి అర్థమయ్యేది ఏంటంటే, తాడు మరీ సాగకూడదు, మరీ పొట్టిగా ఉండకూడదు. బోర్డు 6 అడుగులైతే లీష్ కూడా దాదాపు 6 అడుగులు, 9 అడుగులైతే 9. ఇది అందరూ పాటించే లెక్క.

సరే, ఇప్పుడు గుంజ సంగతి. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది మీ బోర్డు లోపల ఏముందో దాన్నిబట్టి ఉంటుంది.

ఒకటి, లోపల ఫోమ్, పైన ఫైబర్‌గ్లాస్ ఉన్న బోర్డు. దీనికి లీష్ ప్లగ్ బాగుంటుంది. చిన్న ప్లాస్టిక్ గిన్నె, దాని మధ్యలో అడ్డంగా ఒక కడ్డీ. బోర్డు వెనక భాగంలో రంధ్రం చేసి, రెసిన్‌తో ఈ గిన్నెని అందులో కూర్చోబెడతారు. కానీ ఫోమ్ చాలా మెత్తన. చుట్టూ ఫోమ్ మాత్రమే పట్టుకుని ఉంటే, ఒక పెద్ద అల లాగితే పన్ను ఊడినట్టు ఊడొస్తుంది. అసలు బలం పై పొరది. అందుకే రంధ్రాన్ని ప్లగ్ కంటే కాస్త వెడల్పుగా చేసి, ఫైబర్‌గ్లాస్ గుడ్డని సన్నగా కత్తిరించి కలిపిన రెసిన్‌తో ఆ సందు నింపండి. గిన్నె అంచు మీదుగా ఇంకో గుడ్డ ముక్క వేసి పై పొరతో కలిపేయండి. అప్పుడు లాగుడు ఒక్కచోట పడకుండా చుట్టూ పంచుకుంటుంది. గిన్నె మూతికి ముందే టేప్ వేయడం మర్చిపోకండి, లేకపోతే రెసిన్ లోపలికి పోయి కడ్డీ కింద గడ్డకడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ ఫోమ్ తెల్లటి థర్మాకోల్ రకమైతే పాలియెస్టర్ రెసిన్ వాడొద్దు, ఫోమ్‌ని కరిగించేస్తుంది. ఎపాక్సీ మాత్రమే వాడండి. అది కూడా ఒకేసారి బోలెడంత పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి ఫోమ్‌ని పాడుచేస్తుంది. కొంచెం కొంచెంగా పోయండి.

రెండు, లోపల డొల్లగా ఉన్న చెక్క బోర్డు. పైన పలుచని పలకలు, లోపల పక్కటెముకల్లాంటి ఫ్రేమ్. దీనికి పై పలకలో రంధ్రం చేసి ప్లగ్ పెడితే పట్టుకోవడానికి కింద ఏమీ ఉండదు. పై పలకలు అతికించకముందే, ప్లగ్ వచ్చే చోట లోపల ఒక గట్టి చెక్క దిమ్మ పెట్టి ఫ్రేమ్‌కి జిగురుతో బిగించాలి. దిమ్మలోకి చేసిన రంధ్రం గోడలకి ఎపాక్సీ పూయాలి. నీళ్ళు ఒక్కసారి చెక్కలోకి దిగితే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది.

ఇప్పటికే పలకలు మూసేశారా? అయితే మూడో పద్ధతి ఉంది. రంధ్రం అక్కర్లేదు. ఫైబర్‌గ్లాస్ పోగుల్ని జడలాగా కలిపి, రెసిన్‌లో తడిపి, బోర్డు మీద చిన్న వంతెనలా వంచాలి. రెండు చివర్లని విసనకర్రలా పరిచి బోర్డుకి అతికించి, వాటి మీద గుడ్డ వేయాలి. లాగుడంతా పై పొర మీదే పంచుకుంటుంది, లోపలికి నీళ్ళు పోయే దారే ఉండదు. ఇబ్బంది ఏంటంటే కాస్త పైకి లేచి ఉంటుంది, కాలికి తగలొచ్చు. అందుకే వెనక కాలు పెట్టే చోటుకి ఇంకా వెనకగా పెట్టండి.

పాత బోర్డుల్లో ఫిన్‌కి రంధ్రం చేసి తాడు కట్టినవి కూడా చూస్తాం. పని జరుగుతుంది కానీ తాడు బోర్డు కిందుగా వెళ్తుంది, నీళ్ళల్లో అడ్డుపడుతుంది, లాగుడంతా ఫిన్ మీద పడుతుంది. వేరే దారి ఉంటే నేనైతే అటు వెళ్ళను.

ఎక్కడ పెట్టాలి అంటారా? పై వైపున, మధ్య గీత మీద, తోక అంచుకి దగ్గరగా. మరీ అంచుకి తోసేస్తే చుట్టూ పట్టు ఉండదు.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. ప్లగ్ కడ్డీకి కట్టే చిన్న దారం. అది పొడుగ్గా ఉంటే బోర్డు అంచు దాటి కిందికి జారుతుంది. అల లాగినప్పుడు ఏమవుతుంది? ఉడికించిన గుడ్డుని దారంతో కోస్తాం చూడండి, అచ్చం అలాగే బోర్డు అంచుని కోసేస్తుంది. లీష్ చివర ఉండే వెడల్పాటి పట్టీ, రైల్ సేవర్ అంటారు, అది ఉన్నదే అందుకు. అంచుకి తగిలేది ఆ పట్టీ ఒక్కటే కావాలి. దారం అంచు దాకా వెళ్ళకూడదు.

ఇంకోటి, ఏదో ఒకటి తెగక తప్పని పరిస్థితి వస్తే ముందు తెగాల్సింది ఈ దారమే. దారం పోతే కొత్తది కట్టుకోవచ్చు. ప్లగ్ ఊడితే బోర్డుకి గుంట, లోపలికి నీళ్ళు.

చివరగా పరీక్ష. రెసిన్ పూర్తిగా గట్టిపడ్డాక బోర్డుని మెత్తటి దుప్పటి మీద పెట్టండి. దారం కట్టి, ఒకరు బోర్డుని నొక్కి పట్టుకుంటే ఇంకొకరు రెండు చేతులతో పైకీ, వెనక్కీ, పక్కలకీ గట్టిగా లాగండి. కిర్రుమని చప్పుడు వచ్చినా, గిన్నె చుట్టూ వెంట్రుకంత తెల్ల గీత కనిపించినా మళ్ళీ చేయండి. సముద్రంలో తెలుసుకోవడం కన్నా ఇంటి వరండాలో తెలుసుకోవడం మంచిది కదా.

ఎంత బాగా బిగించినా లీష్ ఈతకి బదులు కాదు. అది లేకుండా ఒడ్డుకి ఈదుకు రాగలిగినంత దూరమే లోపలికి వెళ్ళండి. మీ బోర్డు లోపల ఏముందో కామెంట్లో రాయండి, ఏ పద్ధతి సరిపోతుందో మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.