తోటలో యుగంధర్

వేసవి సెలవులకు నూజివీడు వెళ్లేటప్పుడు నాన్నగారికి ఏం తీసుకు వెళ్లాలన్నది నాకు ఏటా సమస్యే. మామిడితోటలో కాపురముండే మనిషికి పండ్లు పట్టుకు వెళ్లేదేముంది? ఈ ఏడు ఆయనే దారి చూపారు. "యుగంధర్ కొత్త నవల ఏదైనా దొరికితే తీసుకురారా" అన్నారు.

కొత్తది ఎక్కడినుంచి వస్తుంది? డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని అసిస్టెంటు రాజునూ సృష్టించిన కొమ్మూరి సాంబశివరావుగారు 1994లోనే కన్నుమూశారు. ఆ సంగతి నాన్నగారికీ తెలుసు. అయితే ఆయన లెక్కలో తాను చదవనిదల్లా కొత్తదే.

ఆ మాట వినగానే నాకు సంతోషంతోపాటు సిగ్గూ వేసింది. ఎందుకంటారా? తెలుగు ఎమ్మే పట్టా పుచ్చుకుని వచ్చిన ఏడు ఆయన చేతిలో పుస్తకం చూసి, "ఇంకా ఈ కాలక్షేపం పుస్తకాలేనా?" అన్నాను. ఆయన బదులు చెప్పలేదు. ఆ తరవాత నా ఎదుట ఎన్నడూ అపరాధ పరిశోధన నవల ముట్టుకోలేదు.

పట్టా ఉన్నంతమాత్రాన అన్నీ తెలుస్తాయా? పాంచకడి దే బెంగాలీ నవలలు తెలుగులోకి వచ్చిన నాటినుంచీ మన ఇళ్లలో ఈ రుచి ఉంది. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రగారే 'పలకల వెండిగ్లాసు' అనే డిటెక్టివ్ రచనా చేశారు. మొదటిదాన్ని క్లాసులో చెప్పి, రెండోదాన్ని దాచిపెట్టడం మా పంతుళ్ల గడుసుదనం.

హంతకుడెవరన్న ప్రశ్న ఒక్కటే కాదు ఈ నవలల్లో మనల్ని లాగేది. కథ మారినా మనుషులు మారరు. పాత చుట్టాలు మళ్లీ గుమ్మంలోకి వచ్చినట్లుంటుంది. 1893లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసి, పీడ వదిలిందనుకున్నాడు. పాఠకులు ఊరుకోలేదు. 1903లో అతణ్ని బ్రతికించి తీసుకురాక తప్పలేదు.

బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలన్నీ గాలించాను. చివరకు మరోచోట అట్ట ఊడిన ప్రతి ఒకటి దొరికింది. నాన్నగారికి చూపు మందగించింది. అందుచేత నేనే చదివి వినిపించాను. పక్కనే వరండాలో ఎండుగడ్డిమీద చిన్నరసాలు మాగుతున్నాయి. రెండు ప్రకరణాలనుకున్నది దీపాలు పెట్టే వేళ దాటినా ఆగలేదు. బంగినపల్లినైతే ముక్కలు కోసుకుని తీరిగ్గా తినవచ్చు. రసాన్ని ఒకసారి నోట పెడితే టెంకె తేలేదాకా దించలేం. ప్రబంధానికీ డిటెక్టివ్ నవలకూ తేడా అంతే. రెండూ మామిడిపండ్లే!

తీరా చూస్తే ఆఖరి నాలుగు పుటలూ లేవు! నేను తల పట్టుకున్నాను. నాన్నగారు మాత్రం నవ్వి, "ఏడో ప్రకరణం మళ్లీ చదువు" అన్నారు. చదివాను. ఒక పాత్ర మాటవరసకు అన్న చిన్నమాట దగ్గర ఆపారు. ఆ పోగు పట్టుకుని లాగితే చిక్కు మొత్తం విడిపోయింది, హంతకుడు బయటపడ్డాడు. ఆ మాటను గొంతెత్తి చదివినవాణ్ని నేనే, విన్నది ఆయన. కాలేజీలో ఏటా ధ్వని గురించి పాఠం చెప్పేదీ నేనే!

"ఇది ఇదివరకే చదివారు కదూ?" అన్నాను అనుమానంగా.

"తోట కాపలా రోజుల్లో లాంతరు వెలుగున ఎన్ని చదివానో! ఇది చదివానో లేదో జ్ఞాపకం లేదు. నువ్వు చదువుతుంటే మాత్రం కొత్తగానే ఉందిరా" అన్నారు.

ఆనాటి మాటకు క్షమాపణ చెప్పుకుందామని నోరు తెరిచాను. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

"సంచీలో ఇంకొకటి ఉందా?" అన్నారు.