శ్వాస విశ్లేషణ – ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలిదశ గుర్తింపు

ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలిదశలో తరచుగా ఏ లక్షణమూ కనిపించదు. అమెరికాలో జరిగిన జాతీయ పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ మోతాదు సి.టి. స్కాన్ ఈ వ్యాధి మరణాలను 20 శాతం తగ్గించిందని అవి తెలిపాయి. అయితే స్కాన్ అనుమానించిన వాటిలో దాదాపు 96 శాతం క్యాన్సర్ కాదని తేలింది. క్షయ మచ్చలు తరచుగా కనిపించే మన దేశంలో ఈ చిక్కు మరింత జటిలం. స్కాన్‌కు ముందు శ్వాసను జల్లెడగా వాడవచ్చునన్న ఆలోచనకు బలం ఇక్కడే ఉంది.

1971లో లైనస్ పౌలింగ్ బృందం గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా శ్వాసలో సుమారు 250 పదార్థాలను గుర్తించింది. కణత్వచాల్లోని కొవ్వులు ఆక్సీకరణం చెందినప్పుడు ఏర్పడే ఆల్కేన్‌ల వంటి ఆవిరి సమ్మేళనాలు రక్తం ద్వారా ఊపిరితిత్తులను చేరి నిశ్వాసంలో వెలువడతాయి. 1999లో మైకేల్ ఫిలిప్స్ బృందం 22 సమ్మేళనాల సముదాయాన్ని క్యాన్సర్ సూచికగా ప్రతిపాదించింది. తరువాతి పరిశోధకుల జాబితాలు దానితో పూర్తిగా ఏకీభవించలేదు.

లోపం పరికరాలది మాత్రమే కాదు. ఈ సమ్మేళనాలు వందకోట్ల భాగాల్లో కొద్ది భాగాలే ఉంటాయి. గది గాలి, ఆహారం, పొగతాగడం సైతం వాటిని మార్చగలవు. పొగతాగే రోగులను పొగతాగని ఆరోగ్యవంతులతో పోల్చితే, కొలిచినది క్యాన్సర్‌నా, పొగాకునా? నమూనా సేకరణకు ఉమ్మడి ప్రమాణం, సరితూగే పోలిక బృందం లేనిదే కొత్త సెన్సార్ ఎంత సున్నితమైనదైనా ఈ ప్రశ్నకు జవాబివ్వలేదు.