మరపు తెలివితక్కువతనమా?

“మాస్టారూ! రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని పాఠమంతా బట్టీ పట్టాను. తీరా పరీక్షలో సగం కూడా గుర్తు రాలేదు. నాకు బుర్ర లేదేమోనండీ!”

తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఓసారి నా దగ్గరకొచ్చి ఇలా వాపోయాడు. మీలోనూ చాలామందికి ఈ బాధ ఉండే ఉంటుంది. మరి లోపం బుర్రలో ఉందా, చదివిన పద్ధతిలో ఉందా?

మరపును ప్రయోగాలతో కొలిచి చూసినవారిలో ఆద్యుడు జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. ఆయన ఆ ప్రయోగాలు తన మీదే చేసుకున్నాడు. రెండు హల్లుల నడుమ ఒక అచ్చు పెట్టి, అర్థం లేని చిన్న చిన్న మాటలు సుమారు 2300 తయారు చేశాడు. ‘గెబ్’, ‘టుష్’ వంటివన్నమాట. అర్థమున్న మాటలైతే పాత జ్ఞాపకాలు సాయపడతాయి కదా! అందుకే ఈ జాగ్రత్త.

ఆ మాటలను వరుసలుగా పేర్చి, తప్పు లేకుండా అప్పజెప్పగలిగే వరకు చదివేవాడు. కొంత వ్యవధి తరువాత అదే వరుసను మళ్లీ నేర్చుకునేవాడు. మొదట 10 నిమిషాలు పట్టినది రెండోసారి 6 నిమిషాల్లో వచ్చేస్తే, 40 శాతం సమయం ఆదా అయినట్లే. ఎంత ఆదా అయితే అంత జ్ఞాపకం మిగిలిందని ఆయన లెక్క.

1885లో ఈ ఫలితాలను గ్రంథంగా వెలువరించాడు. 20 నిమిషాల తరువాత ఆదా 58 శాతం, గంట తరువాత 44, ఒక రోజుకు 34, నెలకు 21. చూశారా! మరపు మొదటి గంటలోనే వేగంగా సాగి, తరువాత నెమ్మదిస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన శాస్త్రజ్ఞులు ఇదే ప్రయోగాన్ని తిరిగి చేసి 2015లో ప్రకటించారు. వారికీ దాదాపు ఇలాంటి ఫలితాలే వచ్చాయి. కనుక మరపు మనసుకు సహజం.

మరి దీనికి విరుగుడు? అదీ ఎబ్బింగ్‌హాస్ ప్రయోగాల్లోనే దొరికింది. 12 మాటల వరుసను ఒకేరోజు 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివినా వచ్చింది. ఇక అర్థమున్న పద్యాలు నేర్వడానికైతే, అర్థంలేని మాటలకు పట్టిన శ్రమలో పదో వంతే సరిపోయింది!

ఆ కుర్రవాడికి నేను చెప్పింది ఇదే: “ముందు పాఠాన్ని అర్థం చేసుకో. రేపోసారి, ఎల్లుండోసారి, వారానికోసారి పుస్తకం మూసి అప్పజెప్పుకో. ఆగిపోయిన చోట మాత్రం పుస్తకం తెరువు. లోపం నీ బుర్రలో లేదురా, ఒక్క రాత్రి చదువులో ఉంది.”