చెప్పుకొనలేని బాధ

ఈ వ్యాసము వ్రాయుటకు మేము కొంతకాలము వెనుకాడితిమి. చరకసుశ్రుతులు యోనివ్యాపత్తులు ఇరువది యని సంకోచింపక లెక్కించిరి. మనము మాత్రము కన్నతల్లితోనైనఁ జెప్పుకొనము.

మా బౌద్ధనగరము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమీపము. వేకువనే తార్నాకనుండియు, మావైపునుండియు నెందఱో ఆ చెట్లనీడ బాటలలో నడువఁబోవుదురు. మా యత్తగారు మాత్రము రమ్మన్నను రారైరి. మోఁకాళ్లనొప్పి యనిరి. అందులకై ఫిజియోతెరపీ చదివిన యొక యువతిని ఇంటికిఁ బిలిపించితిమి. ఆమె పది దినములు వచ్చి వ్యాయామము చేయించెను. మోఁకాళ్లు కుదుటఁబడెను, నడక మాత్రము లేదు. చివరిదినమున ఆమె గడప దాఁటుచుండఁగా అత్తగారు, మా వారు బడికిఁ బోయిరని రూఢిపఱచుకొని, "ఇంకొక్కమాట తల్లీ! దగ్గినను, తుమ్మినను బట్ట తడియుచున్నది. అబ్బాయి కాన్పునుండియు నింతే. దారిలో నేమగునో యని భయము" అనిరి. మేము కొయ్యబాఱితిమి. 14 ఏండ్లుగా ఒకే యింట నుండియు మే మెఱుఁగము. (నిజము చెప్పవలసినచో, మా రెండవ కాన్పు తరువాతి సంగతి వారును ఎఱుఁగరు.)

ఆ యువతి వెనుదిరిగి వచ్చి కూర్చుండెను. తొలుత తానును ఎముకలు, కీళ్లు, పక్షవాతము నివియే నేర్చితిననియు, నడుమునొప్పికని వచ్చిన స్త్రీలు పలువురు లేచిపోవునపుడే యీ మాట చెప్పుచుండఁగా, బి.పి.టి. పిదప ఎం.పి.టి.లో స్త్రీప్రసూతి శాఖను గోరి చదివితిననియుఁ జెప్పెను. "నోరు విప్పించుటయే మాకుఁ బెద్దపని, అమ్మగారూ!" అనెను.

ఈ శాఖ నేఁటిది కాదు. లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రిలో మర్దనవిద్య నేర్పుచుండిన మినీ రాండెల్ 1912లో డాక్టరు ఫెయిర్‌బెయిర్న్ కోరికపై బాలింతలు పడకమీఁదనే చేయఁదగిన వ్యాయామములు కూర్చెను. నర్తకియగు మార్గరెట్ మోరిస్ ఆ విద్యయందే ఉత్తీర్ణురాలై యామెతోఁ గలసి 1936లో ప్రసూతి వ్యాయామములపై గ్రంథము ప్రకటించెను. 1948లో అమెరికా వైద్యుఁడు ఆర్నాల్డ్ కెగెల్ వ్యాసము వెలువడిన పిదప వీనికి ఆయన పేరే స్థిరపడినది. స్త్రీలు ముందు నడచిన బాటకుఁ బురుషుని పేరు వచ్చుట మనకుఁ గ్రొత్తయా?

కటి యెముకల యడుగున ఉయ్యాలవలె నమరిన కండరములు మూత్రాశయమును, గర్భాశయమును, మలాశయమును మోయును. కాన్పులచేతను, ముట్లుడిగిన పిదపను, విడువని దగ్గుచేతను, మలబద్ధముచేతను అవి సడలును. అపానవాయువును ఆఁపుకొనునట్లు వానిని లోనికిఁ బైకిఁ దీసి, కొన్ని క్షణములు నిలిపి, పూర్తిగా వదలవలెను. ఊపిరి బిగఁబట్టరాదు; తొడలు, పిఱుదులు బిగింపరాదు; మూత్రవిసర్జనవేళ మాటిమాటికి ఆఁపి చూడరాదు. పర్యాయమునకు 8కిఁ దక్కువగాక, దినమునకు 3 పర్యాయములు, 3 నెలలైన శిక్షకురాలి కనుసన్నలలోఁ జేయవలెనని బ్రిటనుదేశపు 2019 నాఁటి వైద్యమార్గదర్శకములు చెప్పినవి. కొందఱికి కండరములు సడలియుండవు, బిగిసియుండును. వారు మొదట వదలుట నేర్వవలెను. కావునఁ బొరుగింటివారిని జూచి చేయఁదగదు. మూత్రములో నెత్తురు కనఁబడినను, ఏదో క్రిందికి జాఱినట్లు తోఁచినను ముందు వైద్యురాలికిఁ జూపవలెను.

అత్తగారు మొదటినెల విసిగిరి. "కంటికిఁ గనఁబడని పనికి ఫలమెక్కడిది?" అనిరి. రెండవనెలలో రాత్రి లేచుట తగ్గెను. నాలవనెలలో నొక వేకువ తామే చెప్పులు తొడిగికొని ఆర్ట్సు కళాశాలవఱకు నడచిరి. దారిలో రెండుమాఱులు దగ్గిరి, నిలువలేదు. తిరిగివచ్చునపుడు మా వంకఁ జూచి, "నీవును చేయుచున్నావా, అమ్మాయీ?" అని యడిగిరి.