మోతలో మాట మునిగిపోకూడదు
ఇంటికి స్పీకర్లు కొనేముందు బేస్‌ను పరీక్షించే విధానం



విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో పని దొరికిన బిడ్డ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు పాటలు వినే స్పీకర్లు కొనిపెట్టాలనుకోవడం మన కుటుంబాలలో ఉన్నదే. గూట్లోనో, బల్లమీదనో ఇమిడే చిన్న జంట స్పీకర్లను బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంటారు. దుకాణానికి వెళితే మనకు ముందుగా వినిపించేది వాటి బేస్. గుండె అదిరితే చాలు, మంచి స్పీకరని చాలామంది అనుకుంటారు.

అయితే ఒక్క సంగతి ఆలోచించండి. చదువురాని నానమ్మకు, చూపు మందగించిన తాతయ్యకు ఆ పెట్టెలోనుండి వచ్చే స్వరమే బైబిలు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి సువార్తను తెలుగులోనికి అనువదించే పనికి పూనుకున్నారు. మనవారు తమ సొంత భాషలో వాక్యమును వినాలన్నదే వారి ఆశ. ఆ వాక్యము మన ఇంట్లోనే మోతలో మునిగిపోతే ఏమి లాభం? అన్నింటినీ పరీక్షించి మంచిదానిని ఉంచుకోవాలని పౌలు థెస్సలొనీక సంఘమునకు చెప్పిన బుద్ధి (1 థెస్స. 5:21) ఈ కొనుగోలుకు కూడా పనికివస్తుంది.

బేస్ అంటే ఏమిటి?

ధ్వని గాలిలో కలిగే కంపనం. సెకనుకు ఎన్ని కంపనాలో హెర్ట్జ్‌లలో లెక్కిస్తారు. మనిషి చెవికి దాదాపు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినబడుతుంది. అందులో అడుగు భాగమే బేస్. పోర్టు దగ్గర నివసించేవారికి దీని సంగతి బాగా తెలుసు. అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల ప్రకారం 200 మీటర్లు, ఆపైన పొడవున్న ఓడ కూత 70 నుండి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలి. 75 మీటర్లలోపు ఓడకైతే 250 నుండి 700. అందుకే పెద్ద ఓడ కూత అంత బొంగురుగా ఉంటుంది.

మన పాటలలో తబలా ఎడమచేతి మోత, డోలక్ గుమకు, బేస్ గిటారు ఈ భాగానికి చెందినవి. బేస్ గిటారు మోటు తీగ సుమారు 41 హెర్ట్జ్. ఒక స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించి అంతే గట్టిగా పలికించాలంటే స్పీకరు పొర నాలుగింతలు ఎక్కువగా కదలాలి. అయిదంగుళాల చిన్న పొరకు అది కష్టం. కనుక కొన్ని చిన్న స్పీకర్లలో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని ఉబ్బించి, లోతైన బేస్ ఉన్నట్టు భ్రమ కలిగిస్తారు. ఉన్న బేస్ వేరు, ఉబ్బించిన బేస్ వేరు.

తూకపు రాళ్లు సమానంగా ఉండాలి

రెండు రకాల తూకపు రాళ్లు దేవునికి అసహ్యమని సామెతలు 20:10 బోధిస్తుంది. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు మనం తెలియకుండానే రెండు రకాల రాళ్లు వాడుతాము. ఒకే మీటపై ఒక జత గట్టిగా, మరొక జత మెల్లగా పలుకుతుంది. గట్టిగా పలికినదే బాగున్నట్టు తోస్తుంది. పైగా ధ్వని తగ్గినకొద్దీ మన చెవి బేస్‌ను మరింత తక్కువగా గ్రహిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే చూపించారు. అంటే గట్టిగా మోగేదానికి బేస్ కూడా ఎక్కువున్నట్టే అనిపిస్తుంది.

కనుక ఇలా చేయండి. దుకాణదారుడు ఒప్పుకుంటే రెండు జతలను రెండు రోజులు ఇంటికి తెచ్చుకోండి. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ మీటలు ఆపివేయండి. రెండింటినీ ఒకే చోట, ఒకే ఎత్తున ఉంచండి. మీరు కూర్చునే చోట ఫోనులో ధ్వని కొలిచే యాప్ పెట్టి, వాక్యము చదివే స్వరాన్ని రెండింటిలోను సమానం చేయండి. తరువాత ఒకే పాట, ఒకే చరణం మార్చి మార్చి వినండి. ఏది మోగుతోందో చెప్పకుండా ఇంట్లో ఒకరు మార్చుతూ ఉంటే, ధరా పేరూ మన తీర్పును వంచలేవు.

మన గదిలోనే వినాలి

బేస్‌లో సగం పని గదిదే. 12 అడుగుల పొడవున్న స్లాబు గదిలో 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎదురెదురు గోడల మధ్య ఉబ్బిపోతుంది. గోడ దగ్గర కూర్చుంటే ఎక్కువగా, నడిమధ్యన తక్కువగా వినబడుతుంది. స్పీకరును మూలకు నెట్టితే బేస్ మరింత పెరుగుతుంది. గూట్లో ఇరికిస్తే గుమ్మంటుంది. గోడకు అడుగో రెండడుగులో ఎడంగా జరిపి వినండి. వెనుక రంధ్రమున్న పెట్టెకు ఇది మరీ అవసరం. అప్పటికీ గుమ్మంటే ఆ రంధ్రంలో మెత్తని గుడ్డ కూరి చూడండి.

ఉక్కునగరం క్వార్టర్సులో నిండుగా మోగిన స్పీకరు, ఊళ్లో తలుపులు తెరిచి ఉండే పెంకుటింట్లో పలచగా వినబడవచ్చు. బేస్ బయటికి పోతుంది గనుక. అమ్మానాన్నల కోసమైతే అమ్మానాన్నల ఇంట్లోనే పరీక్షించండి.

ఏమి వినాలి?

మొదట బేస్ గిటారు ఎక్కుతూ దిగుతూ ఉండే పాట వేయండి. ప్రతి స్వరం విడివిడిగా వినబడాలి. ఏ స్వరమైనా ఒకే గుమ్ములా ఉంటే అది ఉబ్బించిన బేస్. ఒక్క స్వరమే పొంగి తక్కినవి సరిగా ఉంటే అది గది చేసే పని కావచ్చు. స్పీకరును జరిపి మళ్లీ వినండి. రెండవది, డోలక్ దెబ్బ పడి వెంటనే ఆగాలి. తరువాతి దెబ్బదాకా సాగకూడదు. మూడవది, పురుష స్వరంలో బైబిలు పఠనం వేయండి. చదివేవాడు కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టుంటే ఆ స్పీకరు వద్దు. కింది స్వరాల మోత పై స్వరాలను కప్పివేస్తుంది. క, త, స వంటి హల్లుల స్పష్టత పై స్వరాలలోనే ఉంటుంది. పెద్ద వయసులో ముందుగా తగ్గేది కూడా పై స్వరాల వినికిడే. గనుక చివరి తీర్పు నానమ్మకే వదలండి. ఒక అధ్యాయం వినిపించి, ఏమి విన్నదో చెప్పమని అడగండి. వాద్యము స్పష్టమైన ధ్వని ఇవ్వకపోతే వినేవాడు ఏమి గ్రహిస్తాడని పౌలు 1 కొరింథీ 14లో అడిగినది ఇదే గదా!

పొరుగువాని గోడ

బేస్ గోడలను సులభంగా దాటుతుంది. మనకు పాటగా ఉన్నది పక్కింటి పసిబిడ్డకు దడదడ మాత్రమే. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. రాత్రి 10 తరువాత పొరుగువాని గోడకు చెవి ఆనించినట్టు ఊహించుకుని ధ్వని తగ్గించండి. తక్కువ ధ్వనిలో కూడా మాట తేటగా ఉండే స్పీకరే కుటుంబ ప్రార్థనకు తగినది.

ఏలీయా హోరేబు కొండమీద పెనుగాలిని, భూకంపాన్ని, అగ్నిని చూశాడు. ప్రభువు వాటిలో లేడు. ఆ తరువాత వచ్చిన మెల్లని స్వరం వినగానే అతడు ముఖం కప్పుకున్నాడు (1 రాజులు 19). మన ఇంటి స్పీకర్లు కొండను అదిరించనక్కరలేదు. ఆ మెల్లని స్వరాన్ని మన పెద్దల చెవికి చేరవేస్తే చాలు. అట్టి వినికిడిని ప్రభువు మీ గృహములకు అనుగ్రహించును గాక. ఆమేన్.