నిదానమే ప్రధానము: పాత స్పోర్ట్స్ కారు క్లచ్ దోషములు

“నిదానము” అను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. తొందరపాటు లేకుండుట ఒకటి. వైద్యుడు రోగకారణమును నిర్ణయించుట రెండవది. యంత్రముల మరమ్మతులో ఈ రెండర్థములును ఒక్కటే యగునని మా అభిప్రాయము. దీనికి దృష్టాంతముగా ఒక పాత స్పోర్ట్స్ కారు క్లచ్‌ను గైకొని, అందు కలుగు దోషములను గుర్తించు విధానమును విద్యార్థి మిత్రులకు వివరింపదలచితిమి.

మేము ఎన్నుకొన్నది ఎం.జి.బి. అను ఇంగ్లీషు కారు. ఇది 1962 మొదలు 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారమున తయారైనది. మొత్తము ఐదు లక్షలకు పైగా వెలువడినవి. 1980లో ఆ కర్మాగారము మూతపడినను, ఆ కార్లను ముచ్చటపడి నడుపుకొను యజమానులు నేటికిని ఎందరో కలరు. మనకును ఇది పూర్తిగా పరాయిది కాదు. దీని 1798 సి.సి. ఇంజనును, మన అంబాసిడర్ కారులో చిరకాలము పనిచేసిన 1489 సి.సి. ఇంజనును ఒకే కుటుంబమునకు చెందిన అన్నదమ్ముల వంటివి.

ముందుగా క్లచ్ ఏమి చేయునో చూతము. ఇంజను తిరుగుచుండగనే దానిని గేరుబాక్సు నుండి విడదీయుట, మరల మెల్లగా కలుపుట దాని పని. ఇంజను చివరనున్న ఫ్లైవీల్‌కును ప్రెషర్ ప్లేటుకును నడుమ క్లచ్ ప్లేటు ఉండును. డయాఫ్రం స్ప్రింగు తన బలముతో దానిని ఫ్లైవీల్‌కు అదిమిపట్టును. మనము పెడలు తొక్కగనే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేక్ ఆయిల్ గొట్టము వెంట పోయి, గేరుబాక్సు ప్రక్కనున్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టును. ఆ పిస్టన్ ఫోర్కును, ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ను, బేరింగ్ స్ప్రింగును వరుసగా ఒత్తును. అప్పుడు ప్లేటు మీది పట్టు సడలును.

ఇందులో ఒక చిన్న లెక్క కలదు. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసము 0.75 అంగుళము, స్లేవ్ సిలిండర్‌ది 1.25 అంగుళములు. వైశాల్యము వ్యాసము యొక్క వర్గమును అనుసరించును గావున, రెండవదాని వైశాల్యము మొదటిదానికి సుమారు 2.8 రెట్లు. అనగా కాలి బలము 2.8 రెట్లు పెరుగును. కాని కదలిక అన్ని రెట్లు తగ్గును. పెడలును పూర్తిగా తొక్కినను స్లేవ్ సిలిండర్ కడ్డీ కదలునది సుమారు అర అంగుళము మాత్రమే. లాభించిన బలమునకు కదలికయే మూల్యము. అందుచేత పైన ఏ కొంచెము కదలిక వృథా అయినను క్రింద క్లచ్ పూర్తిగా విడివడదు.

ఇక దోషముల మాట. “క్లచ్ చెడిపోయినది” అన్న ఒక్క మాటతో ఏమియు తేలదు. అవి ముఖ్యముగా రెండు విధములు, ఒకదానికొకటి వ్యతిరేకములు. పట్టు జారుట మొదటిది. పట్టు విడువకుండుట రెండవది.

పట్టు జారినప్పుడు ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను రొద పెరుగును గాని వేగము పెరుగదు. దీనిని పరీక్షించుటకు కారును చదునైన చోట నిలిపి, చక్రములకు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, నాల్గవ గేరు వేసి పెడలును విడువవలెను. క్లచ్ బాగున్నచో ఇంజను వెంటనే ఆగిపోవును. ఆగక తిరుగుచున్నచో పట్టు జారుచున్నదన్నమాట. ఈ పరీక్ష ప్లేటును వేడెక్కించును గావున ఒక్కసారి కంటె ఎక్కువ చేయరాదు.

పట్టు విడువనప్పుడు గేర్లు కరకరలాడును. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా పెడలును పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి, రివర్స్ గేరు వేసి చూడవలెను. అప్పటికిని కరకరలాడినచో క్లచ్ విడివడుట లేదు. ఆ కొద్ది క్షణములు ఆగుట ముఖ్యము. రివర్స్ గేరుకు సింక్రోమెష్ ఏర్పాటు లేదు; 1967 వరకు వచ్చిన కార్లలో మొదటి గేరుకును లేదు. తొందరపడి గేరు వేసి, చప్పుడు కాగానే క్లచ్‌ను నిందించుట న్యాయము కాదు.

ఇచ్చటనే నిదానము యొక్క విలువ తెలియును. ఈ కారులో క్లచ్ ప్లేటును మార్చవలెనన్నచో ఇంజనును, తరచుగా గేరుబాక్సుతో సహా, పైకెత్తి బయటకు తీయక తప్పదు. అంత శ్రమయు ధనమును వెచ్చించిన పిమ్మట, దోషము పెడలు దగ్గరి ఒక చిన్న పిన్నులో ఉన్నదని తేలినచో, కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లే యగును. కావున పరీక్ష బయటి నుండి లోపలికి, చౌకదాని నుండి ఖరీదైనదానికి సాగవలెను.

లోపలి దోషమును బయటి దోషము నుండి వేరుచేయు పరీక్ష ఒకటి కలదు. ఇంజను ఆపి, ఒకరు పెడలును పూర్తిగా తొక్కగా, మరియొకరు స్లేవ్ సిలిండర్ కడ్డీ ఎంత కదలుచున్నదో స్కేలుతో కొలువవలెను. అర అంగుళము వరకు కదలినచో బయటి భాగములు నిర్దోషములు. అంతకు తక్కువైనచో ఇంజను జోలికి పోనక్కరలేదు. కారణము బయటనే యున్నది.

బయట వెదకవలసినవి నాలుగు. మొదటిది, పెడలును మాస్టర్ సిలిండర్ కడ్డీతో కలుపు పిన్ను. ఏళ్ల తరబడి రాపిడికి పిన్ను అరిగి, దాని రంధ్రము కోలగా మారును. పెడలును చేతితో నొక్కి, కడ్డీ కదలుటకు ముందు అది ఎంత వృథాగా కదలుచున్నదో చూడవచ్చును. రెండవది, సిలిండర్ల లోపలి రబ్బరు సీళ్ళు. పెడలు వెనుక నుండి కార్పెట్ మీదికి ఆయిల్ కారినచో మాస్టర్ సిలిండర్‌ను, క్రింది రబ్బరు తొడుగు తడిసియున్నచో స్లేవ్ సిలిండర్‌ను అనుమానింపవలెను. పెడలును తొక్కిపట్టగా క్లచ్ మెల్లమెల్లగా మరల పట్టుకొనుచు, బయట ఎచ్చటను తడి లేనిచో, మాస్టర్ సిలిండర్ సీలు లోలోపల ఆయిల్‌ను వెనుకకు వదలుచున్నది. మూడవది, గొట్టములో చేరిన గాలి. రెండు మూడు మారులు తొక్కిన పిమ్మట క్లచ్ సరిగా విడివడుచున్నచో గాలిని తీయవలెను. నాల్గవది, రబ్బరు హోస్ పైపు. పాతబడిన పైపు ఒత్తిడికి ఉబ్బి కదలికను మ్రింగును. ఒక్కొక్కప్పుడు దాని లోపలి పొర వాచి, పోయిన ఆయిల్‌ను తిరిగి రానీయదు. అప్పుడు పట్టు జారును. జారుచున్న సమయమున ఇంజను ఆపి, స్లేవ్ సిలిండర్ వద్ద గాలి తీయు నిప్పిల్‌ను వదులు చేయగా ఆయిల్ చిమ్మి, పట్టు మరల వచ్చినచో, దోషము ప్లేటులో లేదని రూఢి యగును.

లోపలి దోషములకును లక్షణములు గలవు. చాలకాలము కదలక నిలిచిన కారులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుకుకొనవచ్చును. అప్పుడు కడ్డీ అర అంగుళము కదలినను క్లచ్ విడివడదు. ప్లేటుకు ఇంజను నూనె అంటినచో కారు కదలునప్పుడు వణకును, పట్టు జారును. పెడలు తొక్కినప్పుడు మాత్రమే కీచుమను శబ్దము వచ్చినచో రిలీజ్ బేరింగ్ అరిగినట్లు తలపవలెను. గేరు వేయనప్పుడు గరగరమని, పెడలు తొక్కగానే ఆగిపోవు శబ్దము గేరుబాక్సులోని ముందు బేరింగ్‌ది. ఇంజనును ఎటులను దింపినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడింటిని కలిపి మార్చుట మేలు. ఈ కారు రిలీజ్ బేరింగ్ గుండ్ల బేరింగ్ కాదు, గ్రాఫైట్ కడియము. పెడలు మీద ఊరక కాలు ఆనించి నడుపువారు దానిని తామే అరుగదీయుచున్నారు.

కొన్ని హెచ్చరికలు. కేవలము జాకీ మీద నిలిపిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. దృఢమైన స్టాండులు తప్పనిసరి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము గావున, గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను. బ్రేక్ ఆయిల్‌కు బదులు ఇంజను ఆయిల్ పోసినచో రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడగును. బ్రేక్ ఆయిల్ రంగు మీద పడినచో రంగు లేచిపోవును. వెంటనే నీటితో కడుగవలెను.

ఉస్తాదు వద్ద పని నేర్చుకొను యువకునికి పానా పట్టుట కొద్ది దినములలో అలవడును. ఎచ్చట పట్టవలెనో ఆలోచించుట మాత్రము ఆలస్యముగా అలవడును. యజమానికి యంత్రము తెలియదు. మరమ్మతు చేయువాని మాటయే అతనికి ప్రమాణము. స్కేలు పట్టి అర అంగుళము కొలిచి, “ఇంజను దింపనక్కరలేదు, పిన్ను మార్చిన చాలు” అని చెప్పగలిగినవాడు ఒక దినపు పెద్ద కూలిని పోగొట్టుకొనునేమో గాని, ఆ యజమాని విశ్వాసమును సంపాదించుకొనును. చేతి పనికి విద్య తోడైనచో కలుగు ఫలమిదియే.