రానున్న బ్యాటరీలు: సిలికాను, సోడియము, ఘన ఘటములు

సెల్‌ఫోను, చేతి గడియారము, చెవిలో అమర్చుకొను శ్రవణ సాధనము, ఒడిలో పెట్టుకొను కంప్యూటరు, విద్యుత్ స్కూటరు - ఈ వస్తువులన్నింటిలోను ఏటేట క్రొత్త నమూనాలు అంగడికి వచ్చుచున్నవి. ప్రకటనలలో తెరను గురించియు, కెమెరాను గురించియు విశేషముగా చెప్పుదురు. కాని ఆ వస్తువు ఎంత తేలికగా ఉండగలదు, ఒకసారి ఛార్జి చేసినచో ఎన్ని గంటలు పనిచేయగలదు, ఇంటిలో ఎంతవరకు నిరపాయకరము అను మూడు ప్రశ్నలకు సమాధానము దానిలోని బ్యాటరీ చెప్పవలెను.

ఈ మూడవ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుగువారు ఒక విషాదము ద్వారా తెలిసికొనిరి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులోని ఒక విద్యుత్ స్కూటర్ల దుకాణమున మంటలు చెలరేగి, ఆ పొగ పై అంతస్తులలోని వసతిగృహమును క్రమ్ముటచే 8 మంది మరణించిరి. ఆ సంవత్సరముననే దేశములో పలుచోట్ల స్కూటర్లు అగ్నికి ఆహుతి కాగా, ప్రభుత్వము వాహన బ్యాటరీల భద్రతా ప్రమాణములను కఠినపరచినది. అందువలన రానున్న వస్తువులలో ఎదురుచూడదగినవి ఏవి అని ఆలోచించునపుడు మొదట బ్యాటరీని గురించి తెలిసికొనుట యుక్తము.

నేటి ఘటము పనిచేయు విధము

నేడు వాడుకలోనున్నది లిథియం అయాన్ ఘటము. దీనిని 1991లో సోనీ సంస్థ మొదటిసారి విక్రయమునకు తెచ్చినది. దీనికి పునాది వేసిన విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరములు. అంత వయస్సున ఈ బహుమానము పొందిన వారు అంతకు పూర్వము ఎవరును లేరు.

ఘటములో ముఖ్య భాగములు నాలుగు. ఋణధ్రువమున గ్రాఫైటు, ధనధ్రువమున కోబాల్టు, నికెలు, మాంగనీసు వంటి లోహముల ఆక్సైడుగాని, ఇనుప ఫాస్ఫేటుగాని ఉండును. రెంటి నడుమ లిథియం లవణమును కరగించిన ద్రవము ఉండును. ఇదియే విద్యుద్విశ్లేష్యము. ధ్రువములు ఒకదానికొకటి తగులకుండ సన్నని ప్లాస్టిక్ పొర ఒకటి అడ్డుగా ఉండును.

గోదావరికి ఒక గట్టున రాజమహేంద్రవరము, రెండవ గట్టున కొవ్వూరు ఉన్నవి. కొందరు నదిని పడవలో దాటుదురు, కొందరు వంతెనమీదుగా పోవుదురు. ఘటములో జరుగునది కూడ ఇట్టిదే. లిథియం పరమాణువు గ్రాఫైటును వదలునపుడు ఒక ఎలక్ట్రానును కోల్పోయి అయానుగా మారును. అయాను ద్రవము గుండ పోయి ధనధ్రువమును చేరును. ఎలక్ట్రానుకు ద్రవములో దారి లేదు. అది బయటి తీగ వెంట చుట్టుతిరిగి పోవలెను. ఆ పోవుటలోనే దీపము వెలుగును, మోటారు తిరుగును. ఛార్జి చేయునపుడు రెండును వెనుకకు మరలును.

ఒక గ్రాము పదార్థము ఎంత విద్యుదావేశమును దాచగలదో విద్యార్థులు స్వయముగ లెక్కింపవచ్చును. ఒక మోల్ ఎలక్ట్రానుల ఆవేశము 96,485 కూలుంబులు, అనగా సుమారు 26,800 మిల్లీ ఆంపియర్-గంటలు. గ్రాఫైటులో ఒక లిథియం పరమాణువు నిలువవలెనన్న 6 కార్బన్ పరమాణువులు కావలెను. వాని భారము 72. 26,800ను 72చే భాగించినచో 372 వచ్చును. గ్రాము గ్రాఫైటునకు 372 మిల్లీ ఆంపియర్-గంటలే హద్దు. తయారీ ఎంత నిపుణముగా ఉన్నను ఈ హద్దును దాటుట సాధ్యము కాదు. దీనిని దాటవలెనన్న పదార్థమునే మార్చవలెను.

మంట ఎక్కడ నుండి వచ్చును?

ఘటములోని ద్రవము నీరు కాదు. లిథియం ఘటము ఇచ్చు 3.7 వోల్టుల దగ్గర నీరు విడిపోవును. కనుక కార్బొనేట్ జాతికి చెందిన కర్బన ద్రావణులను వాడుదురు. ఇవి మండు స్వభావము గలవి. ధ్రువముల నడుమనుండు ప్లాస్టిక్ పొర మందము సాధారణముగా 10 నుండి 25 మైక్రానులు. మనిషి తలవెండ్రుక దీనికంటె చాల మందము.

తయారీలో లోపమున్నను, బ్యాటరీ నలిగినను, మితిమీరి ఛార్జి చేసినను ఈ పొర తెగవచ్చును. చలిలో వేగముగా ఛార్జి చేసినపుడు గ్రాఫైటుపై లిథియం లోహము పేరుకొని, చెట్టుకొమ్మలవలె సన్నని మొలకలు పెరిగి, పొరను పొడుచుటయు కలదు. అప్పుడు రెండు ధ్రువములు ఘటము లోపలనే కలిసికొనును. దానివలన వేడి పుట్టును. ఆ వేడివలన రసాయన చర్యలు వేగమగును. వాని వలన మరింత వేడి పుట్టును. కొన్ని ఆక్సైడులు ఈ వేడికి విడిపోయి ఆక్సిజనును కూడ విడుదల చేయును. ఒక ఘటము మండినచో ప్రక్క ఘటములు అంటుకొనును. 2016లో శామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 అను ఫోనును అంగడినుండి పూర్తిగా ఉపసంహరించుకొనుటకు కారణము బ్యాటరీలు వేడెక్కి అంటుకొనుటయే.

ఫోను బ్యాటరీలో సుమారు 19 వాట్-గంటల శక్తి ఉండును. 3,000 వాట్-గంటల స్కూటరు బ్యాటరీలో అట్టివి 150కి పైగా ఒకచోట చేర్చినంత శక్తి ఉండును. ప్రమాదము కూడ అదే నిష్పత్తిలో పెద్దదగును.

సిలికాను కలిపిన ఘటము

గ్రాఫైటునకు బదులు సిలికాను వాడినచో ఏమగును? 4 సిలికాను పరమాణువులు 15 లిథియం పరమాణువులకు చోటు ఇయ్యగలవు. లెక్క కట్టినచో గ్రాముకు సుమారు 3,580 మిల్లీ ఆంపియర్-గంటలు వచ్చును. ఇది గ్రాఫైటునకు తొమ్మిది రెట్లకు మించినది. అయినను సిలికానును ఇంతకాలము వాడకపోవుటకు కారణము దాని వ్యాకోచము. లిథియమును గ్రహించినపుడు సిలికాను ఘనపరిమాణము దాదాపు నాలుగు రెట్లగును. వదలినపుడు మరల కుదించుకొనును. పిండి నానినపుడు ఉబ్బి, ఎండినపుడు బీటలు వారునట్లు, కొలది దినములలోనే ధ్రువము పొడియై రాలిపోవును.

సిలికానును అతి సూక్ష్మమైన రేణువులుగా చేసి, రంధ్రములు గల కార్బనులో ఇమిడ్చినచో ఆ ఉబ్బుటకు లోపలనే చోటు దొరకును. ఇట్టి సిలికాను-కార్బన్ బ్యాటరీ గల ఫోనులు 2023 నుండి చైనాలో అంగడికి వచ్చినవి. తరువాత వచ్చిన పెక్కు ఫోనులలో అదే మందములో 6,000 మిల్లీ ఆంపియర్-గంటలకు మించిన బ్యాటరీలు కనబడుచున్నవి. మూడింటిలో త్వరగా చేతికి వచ్చినది ఇదియే. అయితే దీనిలోని ద్రవము పాతదే గనుక, మంట విషయమున దీనివలన ప్రత్యేకమైన లాభము లేదు.

సోడియం ఘటము

లిథియం భూపటలములో పది లక్షల భాగములలో సుమారు 20 భాగములే ఉన్నది. సోడియము నూటికి రెండు పాళ్లకు పైగా కలదు. సముద్రతీరమున ఉప్పుమళ్లలో పండు ఉప్పులో ఉన్నదియు సోడియమే. కావున సోడియం ఘటమునకు ముడిపదార్థపు కరవు లేదు.

కాని సోడియం అయాను పెద్దది, బరువైనది. సోడియం పరమాణు భారము 23, లిథియము భారము 7. గ్రాఫైటు పొరల మధ్య సోడియము ఇముడదు. అందుచే పొరలు క్రమము లేకుండ అమరిన గట్టి కార్బనును వాడుదురు. దీనిని కొబ్బరి చిప్పలనుండి కూడ తయారు చేయవచ్చును. ఋణధ్రువమున రాగి రేకునకు బదులు చవుకైన అల్యూమినియం రేకు చాలును. సోడియము అల్యూమినియముతో మిశ్రలోహము కాదు. ఈ ఘటమును సున్న వోల్టుల వరకు ఖాళీ చేసి రవాణా చేయుటయు సాధ్యమే. చలిలో కూడ బాగుగా పనిచేయును.

2021లో చైనాలోని సి.ఎ.టి.ఎల్. సంస్థ కిలోగ్రామునకు 160 వాట్-గంటలు నిలువచేయు సోడియం ఘటమును ప్రకటించినది. మేలైన లిథియం ఘటములు 250కి పైగా నిలువచేయును. కనుక సోడియం ఘటము పలుచని ఫోనునకు తగినది కాదు. 2025లో జపానులో సోడియం అయాన్ పవర్‌బ్యాంకు ఒకటి విక్రయమునకు వచ్చినది. అదే సామర్థ్యము గల లిథియం పవర్‌బ్యాంకుకంటె బరువైనను, ఎక్కువ మారులు ఛార్జి చేయదగినది. ఇంటిలో ఒకచోట కదలక ఉండు ఇన్వర్టరునకు, తక్కువ దూరము తిరుగు స్కూటరునకు బరువు అంత పెద్ద లోపము కాదు. మన ఇండ్లలో సోడియం ఘటముకొరకు ఎదురుచూడవలసినది ఇట్టిచోటనే.

ఘన ఘటము

మండు ద్రవమునే తొలగించి, దాని స్థానమున ఘనపదార్థమును ఉంచవచ్చునా? ఘనపదార్థములో అయానులు కదలగలవని 1830వ దశకములోనే ఫారడే సిల్వర్ సల్ఫైడును వేడిచేసి గుర్తించెను. 1972లో మొదటిసారి మనిషి దేహములో అమర్చిన లిథియం-అయొడిన్ పేస్‌మేకరు బ్యాటరీలో విద్యుద్విశ్లేష్యము ఘనరూపముననున్న లిథియం అయొడైడే. అది ఏండ్ల తరబడి గుండెను నడిపించినది. అయితే దానికి కావలసిన విద్యుత్ప్రవాహము అతి స్వల్పము. దానిని తిరిగి ఛార్జి చేయుటకు వీలు లేదు.

కిక్కిరిసిన బస్సులో ఎవరును కదలలేరు. కొన్ని చోట్లు ఖాళీగా ఉన్నచో ఒకరి వెనుక ఒకరు జరుగవచ్చును. స్ఫటికములో కూడ అయానులకు ఇట్టి ఖాళీ స్థానములు, వానిని కలుపు ఇరుకు దారులు ఉండవలెను. 2007లో మురుగన్, తంగదురై అను భారతీయ శాస్త్రజ్ఞులు, జర్మనీకి చెందిన వెప్నరు కలిసి లిథియం, లాంథనం, జిర్కోనియం, ఆక్సిజనులు గల ఒక పింగాణీ పదార్థములో లిథియం అయానులు వేగముగా కదలునని ప్రకటించిరి. 2011లో జపానులో కన్నో బృందము కనుగొన్న సల్ఫైడు పదార్థపు వాహకత్వము ద్రవములతో సరితూగినది.

ఘన విద్యుద్విశ్లేష్యముతో మరియొక ఆశ కలదు. గ్రాఫైటును విడిచి లిథియం లోహమునే ఋణధ్రువముగ వాడుట సాధ్యము కావచ్చును. అప్పుడు గ్రాముకు 3,860 మిల్లీ ఆంపియర్-గంటలు లభించును.

చిక్కులు కూడ గలవు. ద్రవము ప్రతి సందునకు ప్రాకును. రెండు ఘనపదార్థములు కొన్ని బిందువుల వద్దనే తగులును. ఛార్జి మారినపుడెల్ల ధ్రువములు ఉబ్బి కుదించుటచే ఆ తగులుట కూడ సడలును. లిథియం మొలకలు పింగాణీలోని సన్నని పగుళ్ల వెంట కూడ చొరబడును. సల్ఫైడులకు తేమ తగిలినచో విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. కనుక ఘన ఘటమునకు ఏ అపాయమును లేదనుట సరికాదు. అపాయము తగ్గునని చెప్పుట సబబు.

2023లో టొయోటా సంస్థ 2027-28 నాటికి ఘన బ్యాటరీ గల కార్లను తేనున్నట్లు ప్రకటించినది. 2024లో జపానులోని టి.డి.కె. సంస్థ చేతి గడియారములు, చెవి సాధనములు వంటి చిన్న వస్తువులకు తగినదై, లీటరునకు 1,000 వాట్-గంటలు నిలువచేయగల ఘన ఘటపు పదార్థమును రూపొందించినట్లు తెలిపినది. చిన్న ఘటములో పగులులేని పలుచని పొరను చేయుట సులభము. కాబట్టి ఘన ఘటములు మొదట గడియారములలోను, తరువాత వాహనములలోను ప్రవేశించుట సహజము.

తరగతిలో ఒక ప్రయోగము

9 వోల్టుల చిన్న బ్యాటరీ, ఎర్రని ఎల్.ఇ.డి. దీపము, 330 ఓముల నిరోధము, రెండు కొనలు చెక్కిన రెండు పెన్సిళ్లు, తినే సోడా సమకూర్చుకొనవలెను. బ్యాటరీ, నిరోధము, దీపము, పెన్సిళ్లు ఒకే వలయములో వచ్చునట్లు తీగలు కలిపి, పెన్సిళ్ల క్రింది కొనలను ఒకదానికొకటి తగులకుండ పొడి సోడాలో గుచ్చవలెను. దీపము వెలుగదు. అందులో నీరు పోసి కలిపినచో వెలుగును. అయానులు స్ఫటికములోను ఉన్నవి, నీటిలోను ఉన్నవి. నీటిలోనే వానికి కదలుటకు వీలు చిక్కినది. నీరుగాని, మరియే ద్రవముగాని లేకుండ ఈ స్వేచ్ఛను స్ఫటికములోనే కల్పించుట ఘన ఘటముపై పనిచేయువారి సమస్య. ఏ పరిస్థితులలోను లిథియం బ్యాటరీని విప్పిగాని, గుచ్చిగాని విద్యార్థులకు చూపరాదు.

కొనువారు గమనింపవలసినవి

బ్యాటరీలను పోల్చునపుడు మిల్లీ ఆంపియర్-గంటలను కాక వాట్-గంటలను చూడవలెను. 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్‌బ్యాంకును 3.7 వోల్టులతో గుణించినచో 74 వాట్-గంటలు వచ్చును. విమానములో ముందు అనుమతి లేకుండ చేతిసంచిలో తీసికొనిపోవుటకు హద్దు 100 వాట్-గంటలు. ప్రకటనలో "ఘన" అను మాట కనబడినపుడు అది పూర్తి ఘనమా, కొంత ద్రవము కలిసిన అర్ధఘనమా అని అడుగవలెను. ఎన్ని మారులు ఛార్జి చేసిన తరువాత ఎంత సామర్థ్యము మిగులునో వ్రాసినది చూడవలెను.

హైదరాబాదులోని బాలాపూరు వద్దగల ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రములో బ్యాటరీ పదార్థములపై పరిశోధన జరుగుచున్నది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం ఘటముల కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. నేడు పాఠశాలలో విద్యుద్విశ్లేషణము చదువుచున్న వారికి ఇట్టిచోట్ల పని దొరకగలదు.

క్రొత్త ఘటములు వచ్చువరకు ఇండ్లలో ఉండునవి పాతవే. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. స్కూటరును మెట్లక్రిందగాని, బయటికి పోవు దారిలోగాని ఉంచి రాత్రంతయు ఛార్జి చేయరాదు. పాడైన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారము ఉత్పత్తిదారులపై ఉన్నది; కావున వానిని చెత్తకుండీలో వేయక, సేకరించు వారికి ఒప్పగింపవలెను.